ఫాతెహా పడని బెల్లం

సాయంత్రం నాలుగూ పదికి, కడప ఏడురోడ్ల దగ్గరి లాడ్జిలో, పన్నెండో నంబరు గదిలో లేవి చచ్చిపడి ఉన్నాడు.

రక్తం లేదు. పెనుగులాట లేదు. పెదవుల మీద ఎండిన నురగ. కుడిచేతిలో కొరికిన బెల్లం ముక్క. టీపాయ్ మీద విప్పిన పసుపుకాగితం పొట్లం.

హుసేనప్ప ఆ పొట్లాన్ని చూసి గోడ పట్టుకున్నాడు. సరిగ్గా అలాంటివే మూడువందల పన్నెండు, ఆ పొద్దున తన చేతులతో తనే పంచాడు.

జేబులోంచి పెన్ను తీశాడు. చూడ్డానికి పెన్నే. క్యాప్ తీస్తే టెస్ట్ స్ట్రిప్. బెల్లానికి తాకించాడు. మూడు సెకన్లలో స్ట్రిప్ నల్లబడింది.

లేవి పొట్లాలు తెచ్చిన వ్యాన్ డ్రైవరు. తీపి పిచ్చోడు. పంచగా మిగిలిన ఒక్క పొట్లాన్ని ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాడు పాపం. మరి మిగతావాళ్ళు ఇంకా ఎందుకు బతికున్నారు? దానికి జవాబు హుసేనప్ప కడుపులోనే ఉంది. తెల్లవారుజాము నుంచి మంచినీళ్ళు కూడా ముట్టని కడుపు అది. ఉగాదీ, రంజాన్ ఇరవై తొమ్మిదో రోజూ ఒకేనాడు పడ్డాయి. పొట్లాలు తీసుకున్న వాళ్ళందరూ ఉపవాసం. బెల్లం కొంగుల్లో, జేబుల్లో భద్రంగా ఉంది. ఉపవాసం విడిచే ఇఫ్తార్ సైరన్ ఆరూ ఇరవై ఎనిమిదికి.

రెండు గంటల పద్దెనిమిది నిమిషాలు.

హుసేనప్పది కోసిగి పక్కన పల్లె. తండ్రి కంబన్న, తల్లి మద్దమ్మ, గొర్రెలు కాసుకునే కురుబలు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే పీర్లకు మొక్కుకున్నారు. వీడు నిలిచాడు. అందుకే ఆ పేరు. పడమటి కర్నూలు పల్లెల్లో ఇందులో వింతేమీ లేదు. కానీ యూరప్‌లోని ఓరియన్ సెంటర్ కంప్యూటర్‌కు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అది పేరు చూసి, 'ముస్లిం, ముప్పై నాలుగేళ్ళు, కోపం రగిలించవచ్చు' అని ముద్రవేసి వల విసిరింది.

"వాళ్ళే పిలుస్తాంటే పోకపోతే మర్యాద గాదప్పా," అన్నాడు ఇంటెలిజెన్స్‌లో అతని పైఅధికారి, సౌత్ డెస్క్ చీఫ్ ధనుంజయ. అలా మొదలైంది అసైన్‌మెంట్.

ఓరియన్ సెంటర్‌ను నడిపేది డాక్టర్ రైనర్ వోస్. ఇస్లాం మీద ముప్పై ఏళ్ళు చదివాడు, అరబ్బీ అనర్గళంగా మాట్లాడతాడు. ముసల్మాన్లు ఎవరితోనూ కలిసి బతకలేరన్నది అతని సిద్ధాంతం. నిరుడు ప్రవక్త మీద వ్యంగ్యచిత్రాల ప్రదర్శన పెట్టాడు. నాలుగు దేశాల్లో పదకొండు మంది చచ్చారు. 'చూశారా, నేను చెప్పలేదూ!' అని టీవీల్లో కూర్చున్నాడు. అతన్ని చంపుతానని రోజుకో వీడియో వదిలే 'కమాండర్' అనే తీవ్రవాదికి తెరవెనక డబ్బు పంపేదీ అతనే. ఒకరు లేకపోతే రెండోవాడికి బతుకు లేదు.

ఒక చర్చలో ఎవరో ఒక ఫొటో అతని ముందు పెట్టారు. దేవుని కడప వెంకన్న గుడి మెట్ల మీద, ఉగాది పొద్దున, టోపీలూ బురఖాలూ. బియ్యం, బెల్లం, టెంకాయలు పట్టుకుని అల్లుడి ఇంటికి వచ్చిన జనం. బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచు, వెంకన్న తమ అల్లుడు అని ఏటా వచ్చే వాళ్ళు. సభ ఘొల్లున నవ్విందట. ఆ నవ్వును వోస్ మరిచిపోలేదు; ఈ ఉగాదికి తనే కడప వచ్చాడు.

ఫేక్ వీడియో తీయడమే ప్లాన్ అని హుసేనప్పకు చెప్పారు. గుడి బయట రోడ్డు మీద టెంటు, 'అల్లుడింటి కానుక' అని బోర్డు, చేతికో పొట్లం, పక్కన కెమెరా. ఇందులో ఏముందిలే, వీడియోను చివరిలో ఆపుదాం అనుకున్నాడు. ఎంత తెలివితక్కువ పని చేశానురా దేవుడా అని ఇప్పుడు తల బాదుకున్నాడు.

కుర్తా జేబులోంచి మిస్వాక్ పుల్ల తీసి కొరికాడు. పళ్ళు తోముకునే పుల్లలో ట్రాన్స్‌మిటర్ పెట్టాలన్న ఆలోచన చీఫ్‌దే. లైన్ కలిసింది.

"చీఫ్, వీడియో గాదు. విషం. మూడువందల పన్నెండు పొట్లాలు, అన్ని ఇండ్లు."

"లిస్టు?"

"లేదు. చెయ్యి చాపినోళ్ళకంతా ఇచ్చినా."

"తినొద్దని మైకుల్లో చెప్పిద్దాం."

"గుడి కాడ ఇచ్చిన బెల్లంలో విషమని మైకుల్లో చెప్తే, ఏడుగంటలకు ఊరు కాలిపోతాది. దొరకి కావల్సింది అదే."

"ఇంటింటికీ పోలీసులు?"

"ఇఫ్తారు పూట గడపగడపకూ ఖాకీలు పోయి దేవుని బెల్లం గుంజుకుంటాంటే ఎవురు ఊరుకుంటారు చీఫ్?"

"చెప్తే మంట. చెప్పకుంటే శవాలు," అన్నాడు ధనుంజయ. "నాకేం తోచడంలేదప్పా."

ఇరవై ఏళ్ళ సర్వీసులో చీఫ్ నోట ఆ మాట ఎవరూ వినలేదు.

వెనక తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత సైలెన్సర్ బిగించిన పిస్టల్, ఆ తర్వాత మహిమ. వోస్‌గారి మీడియా డైరెక్టర్. నల్లద్దాలు, లినెన్ చీర, ఎండకు కూడా చెదరని లిప్‌స్టిక్. మూడు నెలల్లో హుసేనప్పతో నాలుగు మాటలు మాట్లాడి ఉంటే ఎక్కువ, అవీ ఇంగ్లిష్‌లో.

తుపాకి అతని ఛాతీకి గురిపెట్టి, నింపాదిగా అడిగింది: "ఒంటిమిట్ట గుళ్ళో హనుమంతుడు లేడంట గదా?"

బయలుదేరిన నాడు చీఫ్ నేర్పిన కోడ్ అది. లోపల మనవాళ్ళు ఇంకొకరున్నారనీ, అవసరమైతే వాళ్ళే అడుగుతారనీ చెప్పాడు.

"రాముడు ఇంకా ఆయన్ని కలవలేదు."

పిస్టల్ కిందికి దిగింది. "సాక్షి మిగలకూడదని దొర నిన్ను కాల్చేకి పంపినాడు," అంది మహిమ అచ్చమైన కడప యాసలో. "విషం సంగతి నాకూ గంట కిందటే తెల్సింది. నా దగ్గర రెండు వీడియోలుండాయి. ఒకటి శవాలు లేస్తే వదిలేకి. ఇంకోటి పోలీసులు ఇండ్ల మీద పడితే వదిలేకి."

"ఏమీ జరక్కపోతే?"

"దానికి వీడియో చెయ్యలేదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"అందరూ తింటారని ఇంత నమ్మకం యాడిది వానికి?" అన్నాడు హుసేనప్ప.

మహిమ బ్యాగులోంచి ఒక ఫైలు మంచం మీద పడేసింది. కడప ముసల్మాన్ల అలవాట్ల మీద హుసేనప్ప రాసిచ్చిన రిపోర్టే అది. ఏడో పేజీలో ఒక పేరా మీద ఎర్రసిరా గీత. 'పండుగపూట బయటినుంచి వచ్చిన తీపిని పెద్దల చేత ఫాతెహా ప్రార్థన చదివించి గానీ పంచుకోరు. ఈమధ్య కొందరు మానుతున్నారు.' పక్కన వోస్ చేతిరాత: 'గ్రంథాల్లో లేదు. మూఢాచారం. తొలగించండి.' దాని కింద ఆకుపచ్చ సిరాతో కమాండర్ సంతకం: 'నిజం. ఇది ఇస్లాం కాదు.' ఒకరి తల ఒకరు నరుకుతామనే ఇద్దరూ ఒక్క కాగితం మీద ఏకమయ్యారు.

ఆ పేరా చూస్తుండగానే హుసేనప్పకు చెంప చుర్రుమంది. ఆరేళ్ళ వయసు, పీర్ల పండుగ. మద్దమ్మ పళ్ళెంలో పెట్టుకుపోతున్న చక్కెర గుప్పెడు నోట్లో వేసుకున్నాడు. 'సదివీయకుండానే తింటావా?' అని తల్లి కొట్టిన దెబ్బ. కురుబల ఇంట్లో పడిన దెబ్బ అది.

"మహిమా, దొరను నువ్వు చూసుకో," అన్నాడు అప్పటికే మెట్ల దగ్గర నుంచి.

దర్గా పెద్ద దస్తగిరి సాబుకు డెబ్బై నాలుగేళ్ళు. పక్కనున్న చిన్న మసీదులో నమాజు చదివించేదీ ఆయనే. హుసేనప్ప వెళ్ళేసరికి ఐదు దాటింది. ముసలాయన వరండాలో జపమాల తిప్పుతున్నాడు.

అబద్ధంతో మొదలుపెడితే ఆయన కదలడని హుసేనప్పకు తెలుసు. నిజం చెబితే ఏమవుతుందో తెలియదు. అయినా చెప్పాడు.

"సాబూ, నేను ముసల్మాన్ను గాను. పోలీసోళ్ళ మనిషిని అనుకో."

జపమాల ఆగింది. "మూన్నెల్లు నా ఎనక నమాజు చేసినావే."

"చేసినా."

"అల్లా ముందర నాటకం ఆడినావు."

"ఆడినా సాబూ."

ముసలాయన జపమాల పక్కన పెట్టాడు. "యాడో దేశంలో ఎవడో మా ప్రవక్త బొమ్మ గీసినాడంటే కోపమొచ్చె. అది దూరం కోపం. వాని మొగం నేను సూడలే. నువ్వు నా పక్కన వంగినావు. నా చేత్తో నీకు ఖర్జూరం పెట్టినా. ఇది యాడ పెట్టుకోవాల నేను?"

హుసేనప్ప తలమీది టోపీ తీసి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు. కళ్ళనీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. "ఆరున్నర దాటినాక నన్ను చెప్పుతో కొట్టు సాబూ. ముందు నా మాట ఇను." లేవి కొరికిన బెల్లంలోంచి చిన్న పలుకు తుంచి, గోడవారగా పోతున్న చీమల బారు పక్కన పెట్టాడు.

చీమలు మూగాయి. కాసేపటికి మూగినవి మూగినట్టే ఉండిపోయాయి. ఒక్కటీ కదల్లేదు.

దస్తగిరి సాబు వంగి వాటిని చూశాడు. "అల్లుని ఇంటి పేరు జెప్పి," అన్నాడు. "మైకులో ఏం చెప్పమని వచ్చినావో గాని, నేను అబద్ధం చెప్పను, ఇను."

"వద్దు సాబూ. ఆ బెల్లం మీద ఫాతెహా పడలేదనేది నిజమే గదా?"

ఆయన ఠక్కున తలెత్తాడు. విషయం అర్థమైంది. వెంటనే నీరసపడ్డాడు కూడా. "అది పుస్తకంలో లేదని వయసు పిల్లోళ్ళు మూడేండ్లుగా నాతో కొట్లాడతాండారు. వస్తారంటావా?"

వస్తారో రారో చెప్పగలిగిన మనిషి కడపలో లేడు.

ఐదూ నలభైకి దస్తగిరి సాబు గొంతు మైకులో మోగింది. ఆయన ఫోన్లు చేశాక ఇంకో ఆరు మసీదులు అదే మాట అందుకున్నాయి. "పొద్దున గుడి బయట ఇచ్చిన బెల్లం మీద ఫాతెహా పడలేదు. బీబీ నాంచారమ్మ పేరున అందరం ఒక్కచోట చదివిచ్చుకుందాం. పొట్లం ఇప్పొద్దు. ఇప్పుడే దర్గా కాడికి తీసుకరాండి."

వచ్చినవాళ్ళను వట్టి చేతులతో పంపితే అనుమానం వస్తుంది. హుసేనప్ప బెల్లం వ్యాపారి పెంచలయ్యకు ఫోన్ చేశాడు. "ఏమప్పా, పండుగపూట అంగడి తెరుస్తారా ఎవరన్నా?" అని విసుక్కున్న శెట్టి, దర్గాకని వినగానే నాలుగు బుట్టలు ఆటోలో వేయించాడు. ఎందుకని అడగలేదు.

ఐదూ యాభై ఐదు. పదకొండు పొట్లాలు.

ఆరూ ఐదు. అరవై. హుసేనప్ప గోళ్ళు కొరుక్కుంటున్నాడు. రాని ఇళ్ళు లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెడుతున్నాడు.

ఆరూ పన్నెండుకి సందు మలుపులో జనం కనిపించారు. ముసలమ్మలు, ఆటోడ్రైవర్లు, గోషా ఆడవాళ్ళు. వాళ్ళ వెనక, సాబుతో మూడేళ్ళుగా వాదిస్తున్న కుర్రాళ్ళు. "ఇది పుస్తకంలో లేదు తాతా," అన్నాడు అందులో ఒకడు పొట్లం అందిస్తూ. "కానీ రాకపోతే నువ్వు బాధపడతావని వచ్చినాం."

పాత పొట్లం సమాధి మీది చాదర్ గుడ్డ కిందికి. ఫాతెహా చదివిన పెంచలయ్య బెల్లం చేతిలోకి. రెండొందలు. రెండొందల ఎనభై. ఆరూ ఇరవై మూడుకి మూడువందల పదకొండు.

ఇంకొకటి.

హుసేనప్పకు ఆ ఒక్కటీ ఎవరిదో తెలుసు. జైబున్‌బీది. మూడు నెలలుగా అతనికి అద్దెగది ఇచ్చి, నెలరోజులుగా తెల్లవారకముందే తట్టి లేపి సెహరీ అన్నం పెట్టిన ముసలామె. పొద్దున టెంటు దగ్గర, 'నీ చేత్తో ఇయ్యి బేటా' అని కొంగు పట్టిన మనిషి. రెండు చెవులా వినపడదు. ఏ మైకూ ఆమెకు అందదు.

పరుగెత్తాడు. చెప్పు ఒకటి తెగి ఎక్కడో పడింది. సందు తిరిగాడు, గొర్రెను దాటాడు, ఎవరి బకెట్టో తన్నాడు. దేవుడి పేరు పిలవబోతే, ఆ క్షణాన నోటికి వచ్చింది పీర్ల పేరో వెంకన్న పేరో అతనికే తెలియదు.

గడప తొక్కేసరికి సైరన్ మోగింది. జైబున్‌బీ చాప మీద కూర్చుని ఉంది. సైరన్ వినపడక, గోడగడియారం చూసి చెయ్యెత్తింది. వేళ్ళ మధ్య బెల్లం ముక్క. పెదవులు విచ్చుకున్నాయి.

అరిచినా లాభంలేదు. హుసేనప్ప ఆమె చేతి మీద ఒక్క దెబ్బ వేశాడు.

బెల్లం ఎగిరి గుమ్మం బయట పడింది. నోటికాడి కూడు కొట్టిన మనిషిని జైబున్‌బీ కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. అతను నేలమీద చతికిలబడి, ఆమె అరచేయి రెండు చేతుల్లో పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ పాటికి మహిమ, 'ఊరు కాలబోతోంది, బయలుదేరండి' అని వోస్‌ను కారెక్కించి, కర్నూలు ఎయిర్‌పోర్టు దారిలో తనే డ్రైవ్ చేస్తోంది. ఆరూ నలభైకి అతను ఫోన్ తెరిచాడు. కడప నుంచి ఒకే వీడియో వచ్చింది. టోపీల వాళ్ళు బెల్లం తింటున్నారు. రాత్రి ఓర్వకల్లు దగ్గర పోలీసు జీపులు అడ్డం తిరిగాయి. ఎక్కడ తప్పు జరిగిందని అతను అడిగితే, మహిమ ఏడో పేజీ చేతికిచ్చిందట.

దస్తగిరి సాబు టోపీని తిరిగి పంపలేదు. చెప్పుతో కొట్టనూ లేదు. "పండుగకు భోజనానికి రమ్మను. వరుసలో నిలబడేకి గాదు," అని మాత్రం కబురు పంపాడు.

ఆ సాయంత్రం ఏడుపు ఆగాక జైబున్‌బీ అతని నోట్లో ఖర్జూరం పెట్టింది. టోపీ లేని అతని తలను వేలితో చూపించింది. హుసేనప్ప ఇక దాచలేదు. ఆమె చూసి అర్థం చేసుకునేలా మెల్లగా పెదవులు కదిపాడు: "నానీమా, నేను ముసల్మాన్ను గాను."

"తెల్సు లే."

"ఎప్పట్నుంచి?"

"మొదటి దినమే. వజూ చేసేటప్పుడు మోచేతులు ముందు కడిగి మొగం ఎనక కడిగితివి. కానీ రోజా ఉపవాసం మాత్రం ఒక్కటీ తప్పలే. అన్నం పెట్టేదాన్ని, నాకు తెల్వదా?"

"మరి ఎవురికీ చెప్పలేదే?"

"ఎవురూ అడగలే."

ఓరియన్ సెంటర్ శాటిలైట్లు మూడు నెలలు వెతికినా దొరకని రహస్యాన్ని ఈ చెవిటి ముసలామె మొదటిరోజే పట్టుకుని నోరు కట్టేసుకుంది. ఫైనల్ రిపోర్టులో హుసేనప్ప చీఫ్‌కు ఒకే సిఫారసు రాశాడు: 'సౌత్ డెస్క్‌లో ఖాళీ ఉంటే జైబున్‌బీని తీసుకోగలరు. ట్రైనింగ్ అవసరం లేదు.'