మూగ బొమ్మకి మాటలు

ఆ పాత సినిమా హాలు పేరెత్తితేనే జనం మాట మార్చేసేవారు. మాటలొచ్చే సినిమా ఏదైనా వెయ్యండి, ఏ గొడవా లేదు. మూగ సినిమా వేశారా… ఖాళీ బాల్కనీలోంచి ఎవరో మాట్లాడతారు! హాలు అద్దెకి తీసుకున్నవాళ్లు సగం సినిమాలోనే తట్టాబుట్టా సర్దుకుని పోయారట.

ఇది మా పిన్ని చెప్పిన సంగతి.

మా బాబాయికి పాత హాలీవుడ్ దెయ్యాల సినిమాలంటే ప్రాణం. "రక్తం చూపించి భయపెట్టడంలో ఏముందిరా, గోడ మీద నీడ చూపించి భయపెట్టాలి" అనేవాడు. అలాంటి మనిషికి చూపు మసకబారింది. ఇక ఎన్నాళ్లో నిలవదని డాక్టర్ చెప్పేశాడు. చిన్నప్పుడు చూసిన ఓ మూగ బొమ్మ, పెద్ద తెర మీద, ఒక్కసారి… అదొక్కటే అడిగాడు పిన్నిని.

పిన్నికి భయమే. అయినా హాలు ఆపరేటర్ని బతిమాలి ఒప్పించింది. ఆయన బాబాయికి స్నేహితుడు.

చీకటి పడ్డాక వేశారు. కింద హాలంతటికీ వీళ్లిద్దరే. తెర మీద పాడుబడ్డ మేడ… కొవ్వొత్తి పట్టుకుని మెట్లు దిగుతున్న ఆడమనిషి… ఆమె వెనకే, ఆమెది కాని నీడ. బాబాయి పిన్ని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అంతలో బొమ్మ పోయి, తెర మీద ఇంగ్లీషులో రాసిన మాటలు పడ్డాయి.

"ఏం రాశాడే? అక్షరాలు అలుక్కుపోతున్నాయి."

పిన్ని నోరు తెరిచేలోపే—

"తలుపు తియ్యకు… పిలిచింది నేను కాదు…"

ఆడగొంతు. గుసగుసగా. పైనుంచి.

"భలే చదివావే!" అన్నాడు బాబాయి, మురిసిపోతూ.

పిన్నికి ఒళ్లు జలదరించింది. లేచి పారిపోదామంటే, తెర వెలుగులో ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా ఉంది. ఆపించడానికి మనసొప్పలేదు. "ఇప్పుడే వస్తా" అని టార్చి తీసుకుని బాల్కనీ మెట్లెక్కింది. తలుపు తోసి లైటు వేస్తే…

ముందు వరసలో ఓ ముసలావిడ!

"ఆర్పమ్మా తల్లీ! మెట్లెక్కానని తెలిస్తే మావాడు నన్ను చంపేస్తాడు."

ఆపరేటర్ తల్లి. హాలు వెనకే వాళ్ల ఇల్లు.

"మీరా అత్తయ్యా, చదువుతున్నది?"

"మా ఆయనకి చదువు రాదమ్మా. మూగ బొమ్మ పడితే పక్కన కూర్చుని నేనే తెలుగులో చదివి చెప్పేదాన్ని. ఆయన పోయి ఇన్నేళ్లయినా… అలవాటు పోలేదు. దొడ్డిదారిన వచ్చేస్తుంటా. నువ్వెళ్లు, మీ ఆయనకి నువ్వు చదివి చెప్పు."

పిన్నికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కిందికొచ్చి, పైన ముసలావిడ ఒక్కర్తే ఉందని బాబాయికి చెప్పి నవ్వించింది. ఆయన చెవి దగ్గరికి వంగి, మిగిలిన మాటలన్నీ తనే చదివింది. తెర మీద నీడ ఆ కొవ్వొత్తి మనిషిని మింగేసినప్పుడు ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

సినిమా అయిపోయింది. తెర తెల్లబడింది.

ఆ హాల్లోవి స్ప్రింగు కుర్చీలు. కూర్చున్న మనిషి లేస్తే చాలు, మడుచుకుని వెనక్కి కొట్టుకుంటాయి. పైన టప్పుమంది. ముసలావిడ లేచింది కాబోలనుకుని పిన్ని సంచి అందుకుంది.

అప్పుడు… దాని పక్కనే… మళ్లీ టప్.

బాబాయి తల పైకెత్తాడు.

"ఒక్కర్తే అన్నావుగా…"