రెండుసార్లే పిలిచే దిబ్బ

చీకటి పడ్డాక ఏటి ఒడ్డు ఇసుకదిబ్బ వైపు మా ఓడలవాళ్ళెవరూ పోరు. అది మా తోటి సైనికుడు మెలాస్ సమాధి, కానీ అందులో శవం లేదు. వాడు ఏట్లో కొట్టుకుపోయాడు, ఒళ్ళు దొరకలేదు, ఉత్త దిబ్బే పోశాం. అయినా రోజూ రాత్రి అక్కడ ఎవరో పిలుస్తారు. "మెలాస్... మెలాస్..." రెండుసార్లే.

ఓడలెక్కి వచ్చి ఈ శత్రువుల కోట కింద పడిగాపులు కాసీ కాసీ, దెయ్యాలకి భయపడే ఓపిక కూడా పోయింది మాకు. అయినా ఆ దారి మాత్రం తొక్కం.

పరాయి నేల మీద పోయినవాణ్ణి వాడితో ఒకే గుడారంలో ఉన్నవాడు మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. అప్పుడే ఆత్మ ఓడ ఎక్కి ఇల్లు చేరుతుంది. మెలాస్‌ని పిలవాల్సినవాడు థ్రాసోన్. ఇద్దరిదీ చిన్నప్పట్నుంచీ ఒకే కంచం, ఒకే మంచం. అలాంటివాడు పిలవనని మొండికేశాడు.

ఎందుకో మాకు తెలుసు. విందులో మొనగాడికి పెట్టే ఎద్దు వీపుమాంసం ఇంకొకడికి పెట్టారని థ్రాసోన్ అలిగి, యుద్ధానికి రానన్నాడు. మెలాస్ డాలేమో పగిలి ఉంది.

"నీదివ్వరా, సాయంత్రానికి తెచ్చిస్తా."

"నేనూ కదలను, నా డాలూ కదలదు. నా విలువేంటో వాళ్ళకి తెలిసిరావాలి."

"సరేలే, నీ అలక తీరేదాకా నాకిదే గతి" అని నవ్వి, మెలాస్ పగిలినదే పట్టుకుపోయాడు. ఆ డాలుతోనే పోరులో ఏట్లో పడి కొట్టుకుపోయాడు.

మొన్న రాత్రి మా తెడ్లవాడు స్కోపాస్ నీళ్ళకని అటు పోయాడు. వాడు చెప్పిందే చెబుతున్నా. దిబ్బ పక్కన ఏదో ఆకారం...

"మెలాస్... మెలాస్..."

స్కోపాస్ మెల్లగా దగ్గరికి పోయాడు. తీరా చూస్తే— థ్రాసోన్!

"నువ్వట్రా దెయ్యానివి! ఆ మూడోది కూడా పిలిచి చావు, మమ్మల్ని పడుకోనీ."

"పిలిస్తే... వాడు పోయినట్టేగా." అన్నాడు థ్రాసోన్. "చంపింది నేనేగా."

"పోయాడ్రా. వాణ్ణింకా చలిలో నిలబెట్టకు."

థ్రాసోన్ తన డాలు తీసి దిబ్బ మీద పెట్టాడు.

"మెలాస్!"

అని కూలబడి ఏడ్చాడు. స్కోపాస్ వాణ్ణి పట్టుకుని గుడారానికి తీసుకొచ్చాడు.

దెయ్యం గుట్టు తేలిందని నవ్వుకుంటూ పొద్దున్నే అందరం దిబ్బ దగ్గరికి పోయాం. థ్రాసోన్ కూడా మా వెనకే వచ్చాడు.

థ్రాసోన్ డాలు లేదు. దాని చోట ఇంకోటి ఉంది... నిలువునా పగిలినది. ఏటి నాచు పట్టి, ఇంకా నీళ్ళు కారుతోంది.

మేమెవరం ముట్టుకోలేదు. థ్రాసోన్ వంగి తీసి చేతికి తగిలించుకున్నాడు. "ఇక నాకిదే గతి" అన్నాడు, నెమ్మదిగా.

ఆ రోజు యుద్ధానికి అందరికంటే ముందు ఏరు దాటింది వాడే.