అందరూ లేచి నిలబడినప్పుడు

"ఇక్కడి నుంచి వ్యూ ఎలా ఉందండీ?" అని అడిగాడు మహీధర్.

"బాగుంది. మూడు వీపులు కనిపిస్తున్నయి. మధ్యలో ఆయన షర్ట్ మీద కెచప్ మరక కూడా ఉంది," అంది చక్రాల కుర్చీలోని అమ్మాయి, తల తిప్పకుండానే.

మెడలో వేసుకున్న బ్యాడ్జ్ మీద ధాత్రి అన్న పేరు చూసి, తెలుగమ్మాయే అయి ఉంటుందని ధైర్యం చేసి తెలుగులో పలకరించాడు. ఇలాంటి జవాబు వస్తుందని మాత్రం అనుకోలేదు.

హామిల్టన్‌లో కొత్తగా కట్టిన బేస్‌బాల్ స్టేడియానికి ఆ రోజు ట్రయల్. ఓపెనింగ్‌కు ఇంకా రెండు నెలల టైముంది. వాలంటీర్లను పిలిచి ఉచితంగా కూర్చోబెట్టి, ఒక ప్రాక్టీస్ మ్యాచ్ ఆడించి, తలా ఒక ఫారం ఇచ్చారు. సీటు సుఖంగా ఉందా, టాయిలెట్ దగ్గర క్యూ ఎంత, ఫోన్‌లో ఆర్డర్ చేసిన తిండి ఎంతసేపటికి వచ్చింది, ఇలాంటి ప్రశ్నలు. రిచ్‌మండ్ హిల్‌లోని ఒక డిజైన్ కంపెనీలో మహీధర్ ఉద్యోగి. ఈ స్టేడియం సీట్ల డ్రాయింగులన్నీ అతనివే. అందుకే పొద్దుటి నుంచి ట్యాబ్ పట్టుకుని, పెళ్లిలో వంటలెలా ఉన్నాయని అడుగుతూ తిరిగే మేనమామలా ప్రతి వరుసా తిరుగుతున్నాడు.

ముందు వరుసవాళ్లు చప్పట్లు ముగించి కూర్చున్నారు. పచ్చటి మైదానం మొత్తం ఒక్కసారిగా కనిపించింది.

"ఇప్పుడు క్లియర్‌గా ఉంది కదండీ."

"ఉంది. ఇప్పుడేముంది చూడ్డానికి? బంతి పోయింది, పరుగు అయిపోయింది."

"రూల్స్ ప్రకారం మీ కంటి నుంచి ముందువాళ్ల తలల మీదుగా లైన్ సరిగ్గా వెళ్తుందండీ. నేనే గీశాను."

"మీరు గీసిన బొమ్మలో అందరు కూర్చునే ఉన్నరా?"

మహీధర్ ట్యాబ్ మూసేశాడు.

"మ్యాచ్‌లో మూడు గంటలు ఏం కాదు. నాలుగుసార్లు ఏదో అయితది. ఆ నాలుగుసార్లు అందరు లేస్తరు. నేను ఆ నాలుగు తప్ప అన్నీ చూస్తా," అంది ధాత్రి, ఫారం వెనకవైపు కూడా రాస్తూ.

ఆమె మాటలో కోపం లేదు. కోపం ఉంటే అతను సమాధానం చెప్పుకునేవాడే. మామూలుగా చెప్పినందుకు ఆ రాత్రంతా ఆ మాట అతన్ని వదల్లేదు.

సోమవారం ఫోన్ చేశాడు, ఫారంలో రెండు అక్షరాలు అర్థం కాలేదని. శనివారం ఆ రెండు అక్షరాల కోసం గంటన్నర డ్రైవ్ చేసి వచ్చాడు. ఆ తర్వాతి శనివారం అక్షరాల సాకు కూడా లేదు, ఉత్తినే వచ్చాడు.

ధాత్రిది హనుమకొండ. పదకొండో ఏట బస్సు ప్రమాదంలో నడక పోయింది. హామిల్టన్‌లో చదువుకుని, అక్కడే ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో పని చేస్తోంది. ఆ ప్రమాదం గురించి ఒకే ఒక్కసారి, రెండు వాక్యాల్లో చెప్పి ముగించింది. బేస్‌బాల్ గురించి మాత్రం గంటలు మాట్లాడుతుంది.

"మా ఒంగోల్లో అందరం క్రికెట్టేనండీ. ఈ ఆట మరీ నిదానం," అన్నాడోసారి.

"అందుకే ఇష్టం. ఇక్కడ నన్ను ఎవరూ తొందరపెట్టరు. ఇంకొకటి, ఆ అండీ ఇక ఆపు."

ఆపాడు. ఆమె నవ్వితే ఎడమ చెంప మీద చిన్న గుంట పడుతుంది. ఆ గుంట పడే మాట కోసం కారులో వస్తూ దారి పొడవునా వెతుక్కునేవాడు. తనకు ఏమైందో జూన్ మొదటి వారానికి అతనికి స్పష్టంగానే తెలిసిపోయింది. ఆమె కూడా శనివారం డ్యూటీలు మార్పించుకుంటోందని తెలిశాక ప్రాణం గాల్లో తేలింది.

ఆ సంతోషం కింద మాత్రం ఒక ముల్లు ఉంది. అది అతనొక్కడికే తెలుసు.

ట్రయల్ రిపోర్ట్ మీద సంతకం చేయాల్సిన వారం, లేక్ ఒడ్డున బెంచీ మీద కూర్చుని ఆ ముల్లు బయటపెట్టాడు.

"ధాత్రీ, ముందువాళ్లు లేస్తే కుర్చీలో ఉన్నవాళ్లకు కనిపించదని నాకు ముందే తెలుసు. రెండేళ్ల కిందట డ్రాయింగ్ వేసేటప్పుడే తెలుసు. నిలబడిన మనిషి బొమ్మ పెట్టి చూశాను. లైన్ ఆ మనిషి భుజాలకు తగిలింది. రూల్‌లో లేదు కదా అని ఆ బొమ్మ డిలీట్ చేశాను."

ఆమె చేతులు చక్రాల మీదికి వెళ్లాయి.

"తెలియక చేసినవేమో, పాపం అని ఇన్ని రోజులు నీ మీద జాలిపడ్డ," అంది. "నాకు చెప్పి ఏం లాభం మహీ? చెప్పాల్సినోళ్లకు చెప్పు."

కుర్చీ తిప్పుకుని వెళ్లిపోయింది. వెనక నుంచి పిలిచే ధైర్యం అతనికి లేకపోయింది.

మర్నాడు బాస్ రాజగోపాల్ గారి గదిలో రిపోర్ట్ పెట్టాడు. చక్రాల కుర్చీలు నిలిపే వేదికను అడుగున్నర పైకి లేపాలి, ర్యాంప్ పొడవు పెంచాలి, పొరపాటు డ్రాయింగ్‌ది, డ్రాయింగ్ నాది అని రాశాడు.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రూల్ ప్రకారం తప్పు లేదు కదయ్యా. లేని తప్పు నెత్తికెత్తుకుంటావేంటి? ఓపెనింగ్ వెనక్కి పోతుంది. క్లయింట్ ఊరుకోడు. ఇక్కడే స్థిరపడడానికి పెట్టుకున్న నీ PR అప్లికేషన్ కూడా మధ్యలో ఉంది, అది ఆలోచించావా?"

"ఆలోచించాను సార్. సంతకం చేసేశాను."

రాజగోపాల్ గారు చెడ్డవారు కాదు. ఉద్యోగం తీయలేదు. స్టేడియం ప్రాజెక్ట్ నుంచి మాత్రం తప్పించి, కేంబ్రిడ్జ్‌లో ఒక గోడౌన్ పార్కింగ్ గీతలు గీయమన్నారు. వేదికను పగలగొట్టి మళ్లీ కట్టారు. ఓపెనింగ్ ఆగస్టు చివరికి జరిగింది. తన కొలతల ప్రకారం ఇంకెవరో కడుతుంటే వెళ్లి చూసే వీలు కూడా మహీధర్‌కు లేదు. రెండున్నర నెలలు ధాత్రి నుంచి ఫోన్ లేదు, మెసేజ్ లేదు.

ఓపెనింగ్‌కు మూడు రోజుల ముందు మెసేజ్ వచ్చింది. "ఆదివారం మ్యాచ్. నా పక్కన కంపానియన్ సీట్ ఉంది. వస్తవా?"

వెళ్లాడు. మూడో ఇన్నింగ్స్‌లో వాన మొదలైంది. గ్రౌండ్ మీద పెద్ద పట్టా పరిచారు. జనం కప్పు కిందికి పరుగెత్తారు. వాళ్లిద్దరూ ఉన్నది కప్పు కిందే కాబట్టి కదలక్కర్లేకపోయింది. జల్లు అప్పుడప్పుడూ ఆమె ముంజేతుల మీద పడుతోంది. ఆమె తుడుచుకోలేదు.

ఇక ఆగలేక అన్నాడు. "ధాత్రీ, నువ్వంటే నాకు ప్రాణం. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

ఆమె ఇచ్చిన బదులు మెత్తగా ఉంది గానీ తేలిక కాదు.

"నువ్వంటే నాకు ఇష్టం లేక కాదు. పొద్దటి నుంచి చూస్తున్న. నా కాఫీ మూత నువ్వే తీస్తున్నవు. నేను నవ్వకపోతే సారీ అంటున్నవు. శిక్ష పడ్డోనిలెక్క కూర్చున్నవు నా పక్కన. ఇది ప్రేమనా, చేసిన తప్పు కడుక్కోవడమా? జీవితాంతం నాకు సారీ చెప్పే మనిషి నాకొద్దు మహీ."

కాదని చెప్పాలనుకున్నాడు. ఎలా నిరూపించాలో తెలియలేదు. నిరూపించబోతే అది కూడా క్షమాపణలాగే ఉంటుందని అర్థమై, పట్టా మీద పడే చినుకులకేసి తిరిగాడు.

వాన తగ్గింది. పట్టా తీశారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌కు హామిల్టన్ జట్టు మూడు పరుగులు వెనకబడి ఉంది, మూడు బేస్‌ల మీదా మనుషులున్నారు. అప్పటిదాకా ఒక్క బంతీ తగలని బక్కపలచటి బ్యాటర్ వచ్చాడు. రెండు బంతులు వదిలేశాడు. మూడోది టప్‌మని తగిలింది.

స్టేడియం మొత్తం లేచింది. మహీధర్ కూడా లేచాడు. లేచినట్టు అతనికి తెలియనే లేదు. రెండు చేతులూ ఎత్తి గొంతు చించుకుని అరిచాడు. పక్కనున్న గడ్డపాయన ఎవరో కౌగిలించుకుంటే తనూ కౌగిలించుకుని ఎగిరాడు. బంతి గోడ అవతల పడింది. బ్యాటర్‌తో కలిపి నలుగురూ ఆఖరి బేస్ చేరారు, నాలుగు పరుగులు.

అప్పుడు గుర్తొచ్చింది. గబుక్కున ఆమె వైపు తిరిగాడు.

ముందు వరుసలన్నీ ఇంకా నిలబడే ఉన్నాయి. వాళ్ల తలల మీదుగా ధాత్రి దూరంగా ఆ గోడకేసే చూస్తోంది. ఆమె కళ్ల నిండా నీళ్లు.

"సారీ ధాత్రీ. ఒక్క క్షణం నువ్వున్న సంగతే మర్చిపోయాను."

"బ్యాట్‌కు తగిలిన కాడి నుంచి పడేదాకా చూసిన," అంది ఆమె. "పదమూడేండ్లయింది ఈ దేశం వచ్చి. మొదటిసారి." కళ్లు తుడుచుకుని అతనికేసి తిరిగింది. "నిజంగనే మర్చిపోయినవా?"

"నిజంగానే."

"మంచిది. నాకు కావాల్సింది ఆ మనిషే. వానలో అడిగిందే మళ్లొకసారి అడుగు."

జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు. మహీధర్ ఆమె పక్కన కూర్చుని, గొంతు పెంచి, అదే ప్రశ్న అడిగాడు.

"సరే," అంది ధాత్రి. ఎడమ చెంప మీద గుంట పడింది. "మా నాన్నకు నువ్వే ఫోన్ చెయ్యి. సారీతో మాత్రం మొదలుపెట్టకు."