ఏడు వంతెనల నగరంలో ఎవరుంటారు?

కళ్ళజోళ్ళ షాపతను షట్టరు సగం దించాడో లేదో, దాని కింద నుంచి వంగి ఒకమ్మాయి లోపలికి దూరింది. ఒక చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు, ఇంకో చేతిలో రెండు ముక్కలైన కళ్ళజోడు.

“దీని మీద పడుకున్నారా?” అన్నాడు షాపతను.

“పుస్తకం చదువుతూ నిద్రపోయాను. తప్పా?”

“చదవడం తప్పు కాదండీ. జోడు తియ్యకపోవడం తప్పు.”

“బాగుచేస్తారా, చివాట్లు పెడతారా? ఏదో ఒకటే చెయ్యండి. నాకు బస్సుంది.”

అతను రెండూ చేశాడు. కొత్త ఫ్రేములో ఆ మందపాటి అద్దాలు బిగిస్తుంటే, ఆమె గాజు బల్ల మీదికి వాలి, చూపు ఆనక కళ్ళు చికిలించి చూస్తోంది. ఆ కళ్ళు చూసి అతని చేతిలోని స్క్రూ జారి ఎక్కడో పడింది. పొద్దస్తమానం జనం కళ్ళలోకి టార్చి వేసి చూడటమే పనైనవాడికి ఇదేం పోయేకాలమో అతనికే అర్థం కాలేదు.

ఆమె ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతుంది. లేని లోకాల కథలంటే చెవి కోసుకుంటుంది. ఫ్రేము వదులైందనో, ముక్కు దగ్గర గుచ్చుకుంటోందనో తరచూ వచ్చేది. వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

“ఏదైనా కథలోకి వెళ్ళి ఉండిపొమ్మంటే, మీరు ఎందులో ఉంటారు?”

“ఎందులోనూ ఉండను. ఒక్కదాంట్లోనైనా కళ్ళజోళ్ళ షాపుందా? అక్కడ మీ జోడు విరిగితే, డ్రాగన్‌ని దిబ్బ అనుకుని ఎక్కి కూర్చుంటారు.”

“నా నగరంలో డ్రాగన్లుండవు!”

ఆమెకిష్టమైన నవలలోని ఆ నగరం సరస్సు మధ్యలో ఉంటుంది. దానికి ఏడు వంతెనలు. చీకటి పడగానే అవి వాటంతటవే వెలుగుతాయి. ఆ నవల వాళ్ళ సంస్థే వేస్తోంది; నాలుగు భాగాలొచ్చాయి, ఐదోది రావాలి.

“తూర్పు వంతెన పక్కన చిన్న ఇల్లు చాలు,” అనేది. “వంటగది కిటికీలోంచి నీళ్ళు కనబడాలి. ఇస్తామంటే ఈ పూటే సామాన్లు సర్దేస్తా.”

పేపర్లో ఆటల పేజీ దాటి ఏదీ చదవనివాడు, మొదటి భాగం కొని బల్ల కింద దాచుకుని చదవడం మొదలుపెట్టాడు. పాపం, పేజీకి రెండుసార్లు ఆవలించాడు. అయినా వదల్లేదు.

ఒక ముసురు రోజున ఆమె చూపు తగ్గిందంటూ వచ్చింది. అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టి అద్దాలు మార్చి మార్చి వేశాడు.

“మధ్యలో అక్షరం లేదు,” అంది.

“ఉందండీ. సరిగ్గా చూడండి.”

“పక్కవి కనబడుతున్నాయి. మధ్యలోది ఎవరో వేలితో తుడిచేసినట్టుంది.”

షాపు నిండా అద్దాలే. దీనికి పనికొచ్చే అద్దం ఒక్కటీ లేదని అతనికి తెలుసు. పెద్ద డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్ళమన్నాడు.

ఆ తర్వాత ఆమె రాలేదు. వేరే షాపు చూసుకుందనుకున్నాడు. వేరే ఎవరినో చూసుకుందేమోనని కూడా అనుకున్నాడు. మొహం మాడ్చుకుని, వచ్చినవాళ్ళందరి మీదా విసుక్కున్నాడు.

చివరికి ఆ అమ్మాయి వాళ్ళమ్మ వచ్చింది. కళ్ళజోడు బల్ల మీద పెట్టింది.

“దీంతో ఇక చదవలేదట బాబూ. ఎవరికైనా పనికొస్తే ఇచ్చెయ్యమంది.”

రెండు కళ్ళలోనూ సూదిమందు వేశారట. మిగిలిన చూపు నిలవొచ్చు గానీ, మధ్యలో పోయింది మాత్రం తిరిగి రాదట. ఉద్యోగం మానేసిందట. ఆవిడ చెబుతుంటే, ఇన్నాళ్ళూ తను ఊహించుకున్నవాటికి అతనికి సిగ్గేసింది.

మర్నాడు, అప్పుడే వచ్చిన ఐదో భాగం కొని, చంకలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు.

“జాలి పడటానికైతే టీ తాగి వెళ్ళండి,” అంది ఆమె, మొహం తిప్పుకుని.

“చదివి వినిపిద్దామని వచ్చాను.”

రోజూ సాయంత్రం చదివేవాడు. తడబడేవాడు. “అక్కడ కామా ఉంటుంది, ఊపిరి తీసుకోండి,” అనేది ఆమె. అంతకు మించి మాట్లాడేది కాదు. దీపం వేసినా ఆ గది దిగులుగానే ఉండేది.

ఆఖరి అధ్యాయం అతను ముందే ఇంట్లో చదివాడు. సరస్సు పొంగుతుంది. వంతెనలు ఒక్కొక్కటే కూలుతాయి. నగరం మునిగిపోతుంది. అది ఆమెకు ఎలా చదివి వినిపించడం?

“నీళ్ళు వెనక్కి తగ్గాయి,” అని చదివాడు, పుస్తకంలో లేనిది. “ఏడు వంతెనలూ మళ్ళీ వెలిగాయి. జనం ఇళ్ళకు తిరిగొచ్చారు.” ఎప్పుడూ లేనిది, ఎక్కడా తడబడలేదు.

“అయిపోయిందా?”

“అయిపోయింది.”

“ఆ పేజీ నేను దిద్దాను.”

అతను తెరిచి ఉన్న పేజీ మీద చెయ్యి పెట్టాడు.

“ఉద్యోగం మానేముందు దిద్దిన ఆఖరి ప్రూఫులు అవే. అందులో నగరం మునిగిపోతుంది.”

“మీరు బాధపడతారని...”

“అందరూ అందుకే చెబుతారు! ఆఫీసువాళ్ళు నా కుర్చీ ఖాళీగానే ఉంచామంటారు. అందులో వేరే అమ్మాయి కూర్చుందని నాకు తెలుసు. అమ్మేమో రోజూ మొహం కాస్త తేటపడిందంటుంది. ఇక నుంచి బస్సు నంబరు దగ్గర్నుంచి ఎదుటివాళ్ళ మొహం దాకా ఒకరు చెబితేనే కదా నాకు తెలిసేది? ఆ చెప్పేవాడివి నువ్వు కూడా తీపి కబుర్లే చెబితే, నేను ఏ లోకంలో ఉన్నట్టు? నువ్వు కల్పించిన లోకంలో నేనుండను. వెళ్ళిపో.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అతను లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. బయట వాన. చెప్పుల్లో కాళ్ళు పెట్టి, మళ్ళీ తీసి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

“మళ్ళీ చదువుతాను.”

ఈసారి ఉన్నదున్నట్టు చదివాడు. ఉత్తర వంతెన కూలింది. తూర్పు వంతెన కూలింది. నీళ్ళు కిటికీల దాకా వచ్చాయి. రెండుసార్లు ఆగాడు. ఆమె తొందరపెట్టలేదు.

“మునిగిపోతుందని తెలిసి కూడా అక్కడే ఉంటానన్నారా?” అని అడిగాడు, పుస్తకం మూసి.

“దిద్దిన తర్వాత కూడా అదే అన్నాను. మునిగేదాకా అక్కడ జనం బతికారు కదా.”

అతను పుస్తకం పక్కన పెట్టాడు.

“నేను మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నానండీ. జాలితో కాదు. మీరు రాని రోజుల్లో నాకు అన్నం సయించలేదు. కానీ భయంగా ఉంది. నాకు ఓపిక తక్కువ, విసుగెక్కువ. నా వల్ల అవుతుందో లేదో తెలీదు.”

భయంగా ఉందని ఆమెతో అన్న మొదటి మనిషి అతనే. ఆమె మొహం కొంచెం పక్కకు తిప్పింది. అలా తిప్పితే తప్ప అతను కనబడడు.

“అద్దంలో నా మొహం ఉండాల్సిన చోట మచ్చే కనబడుతోంది,” అంది. “ఇప్పుడెలా ఉన్నానో చెప్పు.”

అతను చాలాసేపు చూశాడు.

“ముక్కు ఎర్రగా కందిపోయింది. కాటుక చెంప మీదికి కారింది. తల దువ్వి రెండు రోజులైనట్టుంది.” కాస్త ఆగాడు. “బాగోలేరండీ.”

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

“అమ్మా,” అని వంటింట్లోకి కేకేసింది. “ఇలా రా. ఇతను నీతో ఏదో మాట్లాడాలట.”