జైస్ మీద మంచు పడుతోంది

"ఈసారి కోబాల్ట్ ముఠా టార్గెట్ శ్యాంప్రసాద్. ఆయన ప్రాణం నీ చేతిలో పెడతన్నా" అన్నాడు ఛీఫ్.

షార్జా అల్ నహ్దాలో ఒక కెఫెటేరియా పైనున్న ట్రావెల్ ఆఫీసు అది. శీతాకాలం క్యాంపర్ వ్యాన్ టూర్లు వేస్తారు. మొదటిరోజు దుబాయ్‌లో స్నో పార్క్, రెండోరోజు జెబెల్ జైస్ కొండ. వెనక గదిలో మాత్రం భారత గూఢచార విభాగం పనిచేస్తుంది. ఛీఫ్‌ది నెల్లూరు. అందరూ ఆయన్ని అరబ్బీలో ముదీర్ సాబ్, అంటే మేనేజర్ గారు, అంటారు.

ఏజెంట్ సనావుల్లాది రాయచోటి. ఈ మిషన్‌లో అతనిది డ్రైవర్ వేషం. క్షిపణి శాస్త్రవేత్త శ్యాంప్రసాద్ మారుపేరుతో, చిన్న కూతురితో ఈ టూర్‌కి వస్తున్నాడు. అదే టూర్‌లో ముఠా హంతకుడు ఒకరుంటారు, మన ఏజెంట్ ఒకరుంటారు. ఇద్దరూ ఎవరో సనావుల్లాకు తెలియదు. మన ఏజెంట్ కోడ్ చెప్పగానే సనావుల్లా తన దగ్గరున్న శాస్త్రవేత్త వ్యాన్ స్పేర్ కీ ఇచ్చేయాలి, లోపలంతా సోదా చెయ్యడానికి.

కోడ్ సనావుల్లాయే తయారుచేశాడు. "పైన మంచు పడుతోంది." దానికి జవాబు, "అయితే టైర్లకు చైన్లు కట్టాలి." ఈ ఎడారి దేశంలో కొండ మీద మంచు పడితే పేపర్లో వేస్తారు. అలాంటి మాట పొరపాటున కూడా ఎవరి నోటా రాదని ఛాతీ విరుచుకుని చెప్పాడు. ముదీర్ మెచ్చుకుని సంతకం పెట్టాడు.

రెండోరోజు పొద్దున్నే వ్యాన్లు కొండ కింద టీ కోసం ఆగాయి. గైడ్ మాహిరా రెండు గ్లాసులతో వచ్చింది. హైదరాబాద్ అమ్మాయి, తెల్ల ఫర్ కోటు, ఎర్ర గ్లోవ్స్. నిన్న స్నో పార్క్‌లో టూరిస్టులు మంచుబొమ్మను వదిలేసి ఈమె పక్కన ఫొటోలు దిగారు.

"భాయ్, పైన మంచు పడ్తుంది. బండ్లు జర నిదానంగ పోనియ్యాలె."

సనావుల్లా గుండె గంతులు వేసింది. ఇంత అందగత్తె మన ఏజెంటా అని కాస్త ఎక్కువే సంతోషించాడు.

"అయితే టైర్లకు చైన్లు కట్టాలి" అన్నాడు గొంతు తగ్గించి.

మాహిరా ఒక్క క్షణం అతన్ని వింతగా చూసింది. తర్వాత నవ్వింది. "కట్టాల్సిందే" అని ఒక గ్లాసు అతనికిచ్చి ఖాళీ చెయ్యి చాపింది. అతను ఆ చేతిలో కీ పెట్టాడు.

కొండ పైన వ్యాన్లు వరసగా నిలిచాయి. ఎదుటి మనిషి కనిపించడం లేదు. శ్యాంప్రసాద్ ఇంట్లో పనిమనిషిగా చేరి వాళ్ళతోనే టూర్‌కి వచ్చిన మంగ నీళ్ళ క్యాన్ పట్టుకుని సనావుల్లా దగ్గరకొచ్చింది. కోనసీమ మనిషి.

"పైన మంచు పడతందండి" అంది.

"పొగమంచు లేమ్మా, ఎండొస్తే పోతాది."

మంగ కదల్లేదు. "చైన్ల సంగతి అనరేంటండి?" అంది మెల్లగా.

అప్పుడు చూశాడు సనావుల్లా తన చుట్టూ ఉన్నదాన్ని. తెల్లగా, చల్లగా, చొక్కా తడుపుతూ. రాయచోటిలో చలికాలం పొద్దున్నే వాళ్ళమ్మ "మంచు పడతాంది, చెవులకు గుడ్డ కట్టుకో" అనేది. స్నో అయినా, ఫాగ్ అయినా, గడ్డి మీద చెమ్మ అయినా తెలుగువాడికి మంచే. ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో కోడ్ పెట్టాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"కీ ఎవరికిచ్చారండి?" అంది మంగ.

"మాహిరాకు" అన్నాడు. ఆ నాలుగక్షరాలు పలకడానికి అతనికి ప్రాణం పోయినంత పనైంది.

మంగ మాహిరా కోసం పరుగెత్తింది. అతను వ్యాన్ దగ్గరకు పరుగెత్తాడు. తలుపులన్నీ బయటినుంచి లాక్ చేసి ఉన్నాయి. లోపల శ్యాంప్రసాద్ దుప్పటి కప్పుకుని చదువుకుంటున్నాడు. పాప ఇదేదో ఆట అనుకుని అద్దంలోంచి చెయ్యి ఊపింది. సనావుల్లా వాచీలో గ్యాస్ సెన్సర్ ఎర్రగా వెలిగింది. వంగి చూస్తే హీటర్ గొట్టంలో విషవాయువు డబ్బా ఉంది, హీటర్ తనంతట తాను ఆన్ అయ్యేలా టైమర్ పెట్టి ఉంది. ఆన్ అయితే ఇద్దరూ పోతారు. టైమర్ మీద దీపం మిణుకు మిణుకుమంటోంది.

కిందికి దూరాడు. వేళ్ళు చలికి కొంకర్లు పోతున్నాయి. దొరికిన బ్యాటరీ వైరును రెండు చేతులా పట్టుకుని పీకాడు. ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయింది.

బయటికి వచ్చేసరికి మాహిరా మత్తుగా నేలమీద కూర్చుని ఉంది. మంగ జడపిన్నులోని సూది పనిచేసింది. కోబాల్ట్ హంతకురాలైన ఈ మాహిరా రెండేళ్ళుగా మన అబుదాబి ఆఫీసుకు కూడా ముఠా రహస్యాలు అమ్ముతోందని ఆ తర్వాత తేలింది.

"నేను కోడేం చెప్పలే" అంది మాహిరా, రెప్పలు వాలిపోతుంటే. "మంచు పడ్తుందన్న. మిగతాదంత భాయే చెప్పిండు, చెయ్యి చాపితే కీ కూడ ఇచ్చిండు."

తలుపు పగలగొట్టగానే శ్యాంప్రసాద్ సనావుల్లాను కౌగిలించుకుని ఏడ్చాడు. "మీరు లేకపోతే నా బిడ్డ..." అన్నాడు. చెంప మీద కొట్టినా ఇంతకంటే హాయిగా ఉండేది.

పక్కకు వెళ్ళి ముదీర్‌కు ఫోన్ చేసి ఒక్క మాట దాచకుండా చెప్పాడు. తనను ఉద్యోగంలోంచి తీసేయమన్నాడు.

"సంతకం పెట్టింది నేనే కదా అబ్బయా" అన్నాడు ముదీర్. "మా నెల్లూరులో మాత్రం మంచు పడదా? ఇది మనిద్దరి మధ్యే. ఖలాస్."

శిక్ష కూడా దక్కలేదు. వెనక్కి తిరిగితే మంగ ఉంది. "నేనేం వినలేదండి" అని తల దించుకుని వెళ్ళిపోయింది. అది ఇంకా నొప్పి పెట్టింది.

పాప వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "అంకుల్, ఎందుకు వణుకుతున్నారు?"

"చలికమ్మా" అన్నాడు సనావుల్లా.

ఈ మిషన్‌లో అతను ఆడిన అబద్ధాల్లో ఎవరూ అనుమానించనిది అదొక్కటే.