ఆమెన్ అనని పాట

జోనా ఇంట్లో డైనింగ్ టేబుల్‌ని ఆ పెట్టె సగానికి పైగా ఆక్రమించుకుంది. అన్నం తినాలంటే మొగుడూ పెళ్ళాం కంచాలు పట్టుకుని సోఫాలోకి పోవలసిందే. బెంగళూరు సర్జాపుర రోడ్డు మీద అద్దె ఫ్లాటు మరి, అంతకంటే చోటెక్కడిది!

అది పాతకాలపు డిజిటల్ రికార్డరు. ఒకప్పుడు అందులో ఒక్కొక్కరి గొంతు ఒక్కో ట్రాకు మీద విడివిడిగా రికార్డు చేసేవాళ్ళు. అది జోనావాళ్ళ చర్చిలో పాటలు నేర్పిన క్వయర్ మాస్టరు సుందరరావుగారిది. గొంతు కోసం ఎప్పుడూ లవంగం నములుతుండేవారు. ఆయన పోయాక భార్య కృపమ్మ దాన్ని జోనాకి ఇచ్చేసింది. లోపలి హార్డ్‌డిస్కు పాడైతే జోనా ఊడబెరికి పారేశాడు. ఇప్పుడది ఒట్టి మిక్సరు. మైకులోంచి పాట దానిలోకి పోతుంది, అక్కణ్ణుంచి కంప్యూటర్లోకి. ఆ పెట్టెలో ఒక్క మాట దాచుకునే చోటు కూడా లేదు. ఈ సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇచ్చేటప్పుడు కృపమ్మ ఒక మాట చెప్పింది.

"పాట చివర ఆమెన్ అనందే ఆయన ఎవర్నీ లేవనిచ్చేవారు కాదు నాయనా. ఆమెన్ అంటేనే పాట దేవుడికి అప్పజెప్పినట్టు, లేకపోతే పాట అయిపోనట్టే అనేవారు. 'ఇంకొక్కసారి' అని మళ్ళీ మొదట్నుంచీ పాడించేవారు. నువ్వూ ఆమెన్ మానకు."

జోనా బుద్ధిమంతుడిలా తలూపాడు. ఇంటికొచ్చి భార్యతో ఏమన్నాడనుకున్నారు? "చివర్లో ఆమెన్ అనకు ఎవా. అది కట్ చేసేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది" అన్నాడు.

ఎవాంజెలిన్ స్కూల్లో టీచరు. బెంగళూరు వచ్చిన ఇన్నేళ్ళకి గుడ్ ఫ్రైడే ఆరాధనలో సోలో పాడమన్నారని ఆమె కాళ్ళు నేల మీద నిలవడం లేదు. సెలవులు కదా, అతను ఆఫీసుకి పోయాక తలుపులేసుకుని తనే పాడి రికార్డు చేసుకునేది. సాయంత్రం జోనా వినేవాడు.

ఒకరోజు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటుంటే, ఆమె పాట కింద సన్నగా ఇంకో గొంతు వినిపించింది.

మగగొంతు. ఆమె స్వరానికి ఒక మెట్టు కిందగా, ఎంతో పొందికగా సెకండ్ పాడుతోంది.

జోనా వెనక్కి పెట్టి మళ్ళీ విన్నాడు. అదే గొంతు. పెట్టెలో పాత పాటలు ఉండే వీల్లేదు, డిస్కే లేదాయె. అంటే ఆమె పాడేటప్పుడు గదిలో ఇంకెవరో ఉన్నారన్నమాట. చర్చికి కొత్తగా వచ్చిన కీబోర్డు కుర్రాడు ఆశీష్ గుర్తొచ్చాడు. "మీ వాయిస్ సూపర్ అక్కా" అంటూ పళ్ళికిలించేవాడు. ఒళ్ళు మండిపోయింది జోనాకి.

అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా? పెళ్ళాన్ని అడిగితే నిమిషంలో తేలిపోయేది. అడగలేదు. కిందికి దిగి వాచ్‌మన్ చిక్కమునియప్పని అడిగాడు.

"ఎవురూ రాలేదప్పా" అన్నాడు ముసలాయన. "మేడమ్ ఒక్కతే ఉండాది. పాట మాత్రం ఇద్దురు పాడతా ఉన్నట్ల వినపడతాది. నువ్వేమో అనుకుంటి."

ఆ మాట అగ్గి మీద నెయ్యి పోసినట్టయింది. గదిలో లవంగాల వాసన. వాళ్ళింట్లో లవంగం నమిలేవాళ్ళు లేరు. పైగా ఆమె గొంతు రోజురోజుకీ బొంగురుపోతోంది. ఎంతసేపు పాడుతున్నట్టు, ఎవడితో పాడుతున్నట్టు?

"రెస్ట్ తీసుకోరాదూ?" అన్నాడు ఎత్తిపొడుపుగా.

"నువ్వేగా హెడ్‌ఫోన్స్‌లో ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని పెట్టావు?" ఆమె గొంతు గుసగుసకి దిగిపోయింది. "సోలో అయ్యేదాకా ఈ గొంతు నిలిస్తే చాలు జోనా. భయంగా ఉంది."

నాటకాలు అనుకున్నాడు. పాపం, ఆమె కళ్ళలో భయం అతనికి కనిపించనే లేదు.

మర్నాడు ఆఫీసులో తలనొప్పి అని చెప్పి మధ్యాహ్నానికే బయల్దేరాడు. వాన పడుతోంది. లిఫ్టు దిగేసరికే పాట వినిపించింది. ఎవాంజెలిన్ గొంతు... స్వచ్ఛంగా, ఎక్కడా బొంగురు లేకుండా. దాని కింద ఆ మగగొంతు. జోనా చెప్పులు చేతబట్టుకుని తలుపు దగ్గరికి నడిచాడు. చప్పుడు కాకుండా తాళం తిప్పి, ఒక్కసారిగా తలుపు తోశాడు.

"ఎవడే వాడు?"

గది ఖాళీ. లవంగాల వాసన గుప్పుమంది.

ఎవాంజెలిన్ మైకు ముందు కూర్చుని ఉంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. పెదవులు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

పాట మాత్రం ఆగలేదు.

స్పీకర్లలోంచి ఆమె గొంతు పాడుతూనే ఉంది. ఆమె లేచి వచ్చి అతని చొక్కా పట్టుకుంది. నోరు తెరిచింది. గాలి కూడా రాలేదు... ఒక్క అక్షరం కూడా రాలేదు.

అప్పుడు తెలిసింది జోనాకి, ఇన్నాళ్ళూ తను అనుమానించింది ఎవరినో, ఆమె గొంతు ఎత్తుకుపోతున్నది ఎవరో. గోడకి ఉన్న ప్లగ్గు పీకేశాడు.

కంప్యూటరు ఆరిపోయింది. పెట్టె ఆరలేదు. వైరు నేల మీద పడి ఉంది... దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

పాట చివరికొచ్చింది. ఆగింది. ఎవరో ఎదురుచూస్తున్నట్టు నిశ్శబ్దం.

ఆమెన్! ఆ ఒక్క మాట చాలు! కృపమ్మ చెప్పింది గుర్తొచ్చి జోనా మైకు దగ్గరికి ఉరికాడు. నోరు తెరిచాడు.

గొంతు రాలేదు.

మళ్ళీ ప్రయత్నించాడు. మెడనరాలు ఉబ్బాయి. పక్కనే ఎవాంజెలిన్ కూడా అదే మాట కోసం పెదాలు కదుపుతోంది. ఇద్దరి నోళ్ళూ తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. గదిలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఏ వైరూ తగిలించని ట్రాకు మీద కొత్తగా ఒక రికార్డింగు ఎర్రదీపం వెలిగింది.

"ఎవడే వాడు?" స్పీకర్లలోంచి జోనా గొంతు. తలుపు తోస్తూ అరిచిన అరుపే.

"బాగుంది నాయనా..." ముసలిగొంతు ముద్దుగా అంది. "ఇంకొక్కసారి."

పాట మళ్ళీ మొదలైంది, ఈసారి జోనా గొంతు కూడా కలిసి. గోడకున్న ఇంటర్‌కమ్ మోగింది. జోనా అందుకున్నాడు.

"సార్, బలే పాడతా ఉండారు" అన్నాడు చిక్కమునియప్ప. "ఈసారి ముగ్గురా?"

జోనా రిసీవరు నోటికి అదుముకుని అరిచాడు. అరుపు రాలేదు.

వెనక పెట్టెలోంచి అతని గొంతే తాపీగా జవాబిచ్చింది.

"అవునప్పా. నువ్వూ ఒకసారి పైకి రా."