తాడు కట్టిన పెడల్ బోటు

"నాకు ఒక్కదానికే బోటు గావాలె," అన్నది ఆ పిల్ల.

"ఒక్కరికియ్యం. ఇద్దరుండాలె," అన్న నేను.

"టికెట్లు రెండు తీసుకుంట."

"టికెట్ల సంగతి గాదు. ఒక్కరే కూసుంటే బోటు ఒక దిక్కు ఒరుగుతది. అది రూలు."

"రూలెవరు పెట్టిండ్రు?"

"మా అర్బాబ్, గీ బోట్ల ఓనర్."

"ఆయన యాడున్నడిప్పుడు?"

"బర్కాల, మస్కట్ అవతల."

"మరి బర్కా నుంచి ఆయనకు గీ మంచుల నేను కనబడ్తనా, అన్నా?"

రూలు సంగతి అటుంచితే, నాకు ఆ 'అన్నా' మాత్రం అస్సలు నచ్చలె. మనిషిని చూసి ఇంకా రెప్ప గూడ కొట్టలె, అప్పుడే అన్ననెట్లయిత?

ఇది సలాలాల ముచ్చట. మన దిక్కు ఖరీఫ్ అంటే నాట్లు, యూరియా, బురద. ఈడ ఖరీఫ్ అంటే షికారు. ఎండకాలం మిగతా ఒమన్ మొత్తం పెనం లెక్క కాలుతుంటే, ఈ ఊరి మీద మాత్రం సన్నగ తుంపర పడ్తనే ఉంటది. గుట్టలు పచ్చవడ్తయి. దర్బాత్ లోయల నీళ్లు నిలిచి చెరువైతది. జనం పొద్దంత ఎడారిల కారు నడుపుకుంట వచ్చి, గొడుగు గూడ పట్టకుండ తడుసుకుంట కూసుంటరు.

నా పేరు ఓంకార్. మాది జగిత్యాల దిక్కు. ఏడాదంత బర్కాల అర్బాబ్ ఖర్జూర తోటల పని. సీజన్ రాంగనె నన్ను, కడప సమీయుల్లాను దర్బాత్‌ల ఆయన బోట్ల కాడికి తోలుతడు. సమీయుల్లా టికెట్లిస్తడు. నేను లైఫ్ జాకెట్లు తొడిగి బోట్లు నీళ్లల్లకు నూకుత.

నేను ఇంకా రూలు గురించి చెప్పబోతున్న, ఇంతల ఎన్కకెల్లి ఒక ఒంటె మెడ సాపి, ఆ పిల్ల చేతిల ఉన్న మక్కకంకిని గుంజుకున్నది. దర్బాత్‌ల ఒంటెలకు సిగ్గూ శరం లేదు. ఆ పిల్ల "ఓయమ్మో!" అని ఒక్క కేక వెట్టి, నా ఎన్కకు దూరి, నా లైఫ్ జాకెట్ బెల్టు పట్టుకున్నది.

"నీళ్లకు భయపడవు గని ఒంటెకు భయమా?" అన్న నవ్వుకుంట.

"నీళ్లు మక్కకంకులు గుంజుకోవు గదా! ముందు దాన్ని పొమ్మను."

ఒంటె పోయింది. ఆ పిల్ల బెల్టు వదిలింది. అవతల చాప మీద కూసున్న వాళ్ల చిన్నమ్మ యాదవ్వ అరిసింది. "సుమలతా! బోటెక్కుతే పిల్లగాండ్లను గూడ ఎక్కించుకో!"

సుమలత మొఖం ఒక్కసారి చిన్నవోయింది. మెల్లగ అన్నది. "చూసినవా? ఇబ్రా టౌన్ల మా చిన్నాయిన ఇంట్ల ఉంట. హాల్ల పిల్లలతోని పండుకుంట. పొద్దున లేస్తే పండ్ల డాక్టర్ క్లినిక్‌ల డ్యూటీ. పొద్దంత ఎవలదో ఒకలది నోరు నా ముందట తెరిచే ఉంటది. నాకు ఎవల మీద కోపం లేదు, చిన్నమ్మోళ్లు మంచిగనే చూసుకుంటరు. కానీ నేనొక్కదాన్నే కూసున్నది బాత్రూంల తప్ప ఇంకెక్కడ లేదు. ఒక్క అరగంట, ఎవ్వరు మాట్లాడకుండ. గంతే అడుగుతున్న."

బాత్రూం మాటకు నవ్వేటోన్నే, కానీ నవ్వు రాలె. మా రూమ్‌ల పైన ఒకడు, కింద ఒకడు పండుకుంటం. ఒకని ఫోన్ ముచ్చట అందరికి ఇనవడ్తది. ఏడుపొస్తే దుప్పటి కప్పుకోని ఏడ్వాలె. ఆమె అడిగింది నాకు ఎంత బాగ తెలుసో ఆమెకు తెల్వదు.

బోటు చెడిపోతే గుంజుకొచ్చేటందుకు మా కాడ ఒక పొడుగు తాడుంటది. దాన్ని బోటుకు కట్టిన. రెండు నీళ్ల డబ్బాలు నింపి పక్క సీట్ల పెట్టిన.

"ఇవేంది?" అన్నది.

"బోటు ఒరగకుండ. భయపడకు, ఇవి మాట్లాడయి. తాడు కొస నా చేతిల ఉంటది. నువ్వు రెండుసార్లు గుంజితే నిన్ను తెచ్చుకుంట. అప్పటిదాంక నేను గుంజ."

"ఒట్టు?"

"ఒట్టు."

బోటు పోయింది. ముందు దుపట్ట మునిగింది మంచుల, తర్వాత మనిషి, తర్వాత పెడల్ చప్పుడు. తాడొక్కటే మిగిలింది.

"ఏమిరా మియా, గాలమేసినావా?" అన్నడు సమీయుల్లా.

"నీ టికెట్లు నువ్వు చూసుకో."

వాళ్ల చిన్నాయిన దేవయ్య వచ్చిండు. ఇబ్రాల ఏసీలు బాగుచేసే దుకాణం ఆయనది. "మా పిల్లేది?" అన్నడు.

"గీ తాడు కొసకున్నది కాకా."

"గుంజు!"

"గుంజ. మాటిచ్చిన."

ఆయన నన్ను నెత్తి నుంచి కాళ్లదాంక చూసి, నా పక్కనే రాయి మీద కూసున్నడు. ఇద్దరం తాడునే చూసుకుంట తడిసినం. చాలాసేపటికి రెండు గుంజులొచ్చినయ్.

ఒడ్డుకొచ్చినంక ఆమె కండ్లు ఎర్రగున్నయ్, మూతి నవ్వుతున్నది. నేనేం అడగలె. "నువ్వెప్పుడన్న పోయినవా ఇట్ల?" అని ఆమెనే అడిగింది.

"లే."

"ఏటేట వస్తవ్ గదా?"

"నాకెవరు పడ్తరు తాడు?" అన్న. ఊకెనే అన్న, ఏం అనుకోకుండ.

ఆమె నా నంబర్ తీసుకున్నది, వచ్చే ఏడు తుంపర మొదలైతే చెప్పమని.

తుంపర కోసం తీసుకున్న నంబర్, తుంపర ఆగినంక గూడ మోగింది. నేను బర్కాల ఖర్జూర చెట్టు మీద ఉంటే ఆమె క్లినిక్‌ల లంచ్ టైంల చేసేది.

"ఇయ్యాల ఆడ మబ్బున్నదా?"

"బర్కాల మబ్బా? చెట్టు దిగి నీడల నిలవడ్డా చెమట కారుతున్నది."

"మరి దేనికి దిగినవ్ చెట్టు?"

"నువ్వు ఫోన్ చేసినవని."

నవ్వేది. మొదాలు 'ఓంకార్ అన్నా' ఉండె. చలికాలం నాటికి 'ఓంకార్' అయింది. తర్వాత్తర్వాత పేరు గూడ పోయి 'ఓయ్' అయింది. ఆ 'ఓయ్' కోసం నేను ఎంత ఎత్తు చెట్టైన దిగేటోన్ని. ఇష్టమా అంటే ఇష్టమే, దాంట్ల దాసిపెట్టుడేముంది? ఆమెకు చెప్పుడే రాలె.

ఒకరోజు గొంతు వేరే తీరున్నది. "మస్కట్ నుంచి సంబంధం వచ్చింది. ఆఫీస్‌ల కొలువట. చిన్నాయినకు నచ్చింది. ఈసారి సలాలా పోయొచ్చినంక నేను మాట చెప్పాలె. నువ్వేమంటవ్?"

చెట్లెక్కేటోన్ని. రూమ్‌ల నా జాగ అంటే ఒక మంచం. నేనేమంట?

"మంచోడైతే మంచిదే గదా," అన్న.

"సరే, అన్నా," అని ఫోన్ పెట్టేసింది.

పక్కనే ఉన్న సమీయుల్లా నెత్తి కొట్టుకున్నడు. "నీ అట్లాంటి పాగల్‌ను నేను యాడా చూడలేదురా. ఆ పిల్ల అడిగింది వాని గురించా, నీ గురించా?"

ఆ తర్వాత ఫోన్ రాలె. సీజన్ మొదలైంది. దర్బాత్‌ల తొలి తుంపర ఫోటో పంపిన. చూసింది. జవాబియ్యలె. ఏ తెల్లకారు వచ్చినా ఇబ్రా కారే అనిపించేది. ఒకసారి ఇద్దరికి ఒకే లైఫ్ జాకెట్ తొడగబోయి సమీయుల్లాతోని తిట్లు తిన్న.

ఒక శుక్రవారం నిజంగనె వచ్చింది. చిన్నాయిన, చిన్నమ్మ, పిల్లలు ఎన్క దిగుతున్నరు. ఆమె సక్కగ నా కాడికొచ్చి నిలవడ్డది.

"తాడున్నదా?" అన్నది.

"ఉన్నది. డబ్బాలు నింపుత ఆగు."

"నాకోసం గాదు. ఈసారి నువ్వు పో. తాడు నేను పడ్త."

"నేనా? సుమలతా, నీతోని ఒక మాట..."

"ముందు పో. ఒక్కనివే కూసోని ఆ మాట ఏందో మంచిగ ఆలోచన చేసుకో. ఆగమాగం మాటలు నాకొద్దు. ఒకసారి ఇన్న."

'అన్నా' అనలె. అది ఒక్కటే ధైర్యం వెట్టుకోని, పక్క సీట్ల నీళ్ల డబ్బాలు పెట్టి, తాడు కొస ఆమె చేతికిచ్చి బోటెక్కిన.

మంచుల కలిసినంక లోకం మొత్తం ఆగినట్టయింది. గురక లేదు, టీవీ లేదు, ఫోర్‌మన్ లేడు. తుంపర నీళ్లల్ల పడే సప్పుడు గూడ ఇనవడ్తలేదు, అంత సన్నగున్నది. ఇంత దూరమొచ్చి ఇన్నేండ్లాయె, నా మనసు నాతోని మాట్లాడంగ ఇనుడు అదే మొదటిసారి. కొద్దిసేపు హాయిగ ఉన్నది. మా నాయిన యాదికొచ్చిండు, చేను యాదికొచ్చింది. తర్వాత అన్ని పోయినయ్. తాడు అవతలి కొసల ఉన్న మనిషొక్కతే మిగిలింది. ఈ హాయి ఎట్లుందో ముందుగల్ల ఆమెకు చెప్పాలనిపించింది. ఇంకేం ఆలోచన చెయ్యాలె? చెప్పేస్త అనుకున్న.

అప్పుడే తాడు గుంజింది. ఒకసారి, రెండుసార్లు గాదు. ఇష్టమొచ్చినట్టు గుంజుతున్నది, ఎగుర్తున్నది. పడ్డదా? నీళ్లల్ల జారిందా? పెడల్ ఇరుగుతదేమో అన్నంత జోరుగ తొక్కుకుంట ఒడ్డుకొచ్చిన.

ఒడ్డు మీద ఒంటె ఉన్నది. అదే ఒంటెనో దాని చెల్లెనో, ఆమె దుపట్ట కొస నోట్ల పెట్టుకోని తాపీగ నములుతున్నది. ఆమె కండ్లు గట్టిగ మూసుకున్నది. నిలువెల్ల వణుకుతున్నది. రెండు చేతులతోని తాడు మాత్రం పట్టుకోనే ఉన్నది.

బోటు దుంకి ఒంటెను అదిలించిన. "తాడు ఇడిసిపెట్టి ఉరకొచ్చు గదా!" అన్న.

కండ్లు తెరవకుండనె అన్నది. "ఇడిసిపెడితే నువ్వెట్లొస్తవ్?"

"పెడల్ ఉన్నది గదా. తొక్కుకుంట వస్త."

కండ్లు తెరిసింది. పెడల్‌ను చూసింది, నన్ను చూసింది. "అది నాకు యాదికే రాలె," అన్నది. నవ్వబోయింది గని కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

"నువ్వంటే నాకు పానం," అన్న. "మస్కట్‌కు పోకు. నాకు పెద్ద కొలువు లేదు. కానీ నువ్వు ఒక్కదానివే కూసుంటనంటే, ఎంతసేపైనా తాడు పట్టుకోని కూసుంట."

"ఈ మాట ఫోన్ల చెప్పుంటే నా దుపట్ట దక్కుతుండె," అన్నది ముక్కు తుడుసుకుంట. "ఆ మస్కట్ ఆయన మంచోడే. అప్పుడప్పుడు నాకు ఒక్కదాన్నే ఉండబుద్ధయితది అని చెప్పిన. 'నేనుండంగ ఒంటరిగ ఎందుకుంటవ్?' అన్నడు. ప్రేమతోనే అన్నడు. నాకే ఊపిరాడలె."

దేవయ్య కాక ఎప్పుడొచ్చిండో, మా ఎన్కనే నిలవడి ఉన్నడు. యాదవ్వ ఆయన పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకోని నవ్వుతున్నది.

"చిన్నాయినా, మస్కట్‌కు వద్దని చెప్పు," అన్నది సుమలత. గొంతు సన్నగున్నది గని తల దించలె. "నా కొలువు నాకున్నది. ఈయన పని ఈయనకున్నది. ఎట్లనో బతుకుతం."

ఆయన నా దిక్కు మళ్లిండు. "నిరుడు గుంజమంటే గుంజలేదు గదా నువ్వు?"

"లేదు కాకా."

"నాకు ఒళ్లు మండింది. ఇంటికి పోయెదాంక తిట్టిన. ఈ యాదవ్వ ఏమన్నదో ఎరికేనా? పిల్లకిచ్చిన మాట కోసం పిల్ల చిన్నాయినకే ఎదురు చెప్పిండు, గట్ల ఎంతమంది ఉంటరు అన్నది. అప్పుడు ఇననట్టే ఉన్న." ఒక్క నిట్టూర్పు ఇడిసిండు. "మీ నాయిన నంబరియ్యి. నేను మాట్లాడ్త."

సమీయుల్లా టికెట్ల డబ్బా మీద దరువేసిండు. యాదవ్వ నీళ్ల డబ్బాలు తానే తీసి ఒడ్డున పెట్టి "పోండ్రి, ఒక్క చక్కర్ కొట్టి రండ్రి," అన్నది. ఇద్దరం ఎక్కినం. నేను తాడు ఇప్పబోయిన.

"ఉండనియ్యి," అన్నడు కాక. కొస తన చేతికి చుట్టుకున్నడు.

"ఇద్దరమున్నంక తాడెందుకు చిన్నాయినా?" అన్నది సుమలత.

"ఇద్దరున్నరు గాబట్టే," అన్నడు.

మంచుల కలిసినం. మాటల్లేవు. ఆమె అటు చూసుకుంట కూసున్నది, నేను ఇటు. చెప్పాలనుకున్నయి చాలానే ఉండె. కానీ ఆమె అడిగింది గిదే గదా, ఎవ్వరు మాట్లాడని అరగంట. నేను గూడ ఊకున్న.

ఇంతల తాడు గుంజింది. రెండుసార్లు.

"పిలుస్తున్నడు. పోదామా?" అన్న.

"ఇంకొంచెంసేపు," అన్నది సుమలత. ఒక చెయ్యి నా చేతిల పెట్టి, ఇంకో చేత్తోని తాడందుకోని మెల్లగ ఒక్కసారి గుంజింది.

"గదేంది?"

"ఈడనే ఉన్నమని చెప్పిన."